గుండు నిలిచేదాకా

నాగన్నకుంట బస్తీలో నీళ్లు తీసిన మూడో ఆదివారం,
చర్చిలో చాపలు ఇంకా ఆరలేదు.
హార్మోనియం పెట్టె ఉబ్బి మూత పడటం లేదు.
కొత్తగా వచ్చిన పాస్టరుగారు మైకు సర్దుకుని
"ఇది దేవుని తీర్పు" అన్నారు.
"ఈ పట్నం పాపం పండింది" అన్నారు.

నా పక్కన కరుణమ్మ పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది.
ఆమె పాపమేమిటో నాకు తెలుసు:
ఉప్పల్ చౌరస్తాలో తెల్లారి నాలుగింటికి ఇడ్లీ బండి,
ఎప్పుడూ ఒక నెల వెనకబడే చిట్టీ.
నీళ్లలో పోయినవి రెండు మేకలు,
పిల్లవాడి పదో తరగతి మెమో.

కుంటకు ఎగువన లేక్ వ్యూ టవర్స్, తొమ్మిది అంతస్తులు,
లేక్ మీదే నిలబడి లేక్‌ను చూస్తోంది.
ఆ రాత్రి దాని సెల్లారు మోటార్లు
తెల్లవార్లూ మా వైపే తోడాయి.
తీర్పు వాళ్ల గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాయకుండా
నేరుగా మా ఇళ్లకే ఎందుకొచ్చిందో
పాస్టరుగారు చెప్పలేదు.

ఇంటికొచ్చి నాన్నను అడిగాను.
రాజరత్నం మేస్త్రికి మాటలు తక్కువ.
సంచిలోంచి గుండు తీశాడు.
నలభై ఏళ్ల ఇత్తడి, దారం మాత్రం ఏటేటా కొత్తది.
వంటింటి గోడకు పైన చెక్క ఆనించి వదిలాడు.
ఊగింది. ఊగుతూనే ఉంది.
"ఆగు" అన్నాడు,
నన్నో, గుండునో.

వెనకటికి పశువులు కాసుకునే ఒక ప్రవక్త చూశాడట,
దేవుడు గోడ పక్కన నిలబడి ఉండటం.
చేతిలో పిడుగు లేదు, కొరడా లేదు.
మట్టపుగుండు.
మా నాన్న సంచిలో
అన్నం డబ్బా పక్కన, బీడీ కట్ట కింద ఉండేదే.

గుండు నిలిచింది.
కింద రెండు వేళ్ల ఎడం.
గోడ మా మీదికే వంగుతోంది.

"గుండు ఎవ్వల్నీ కొట్టది బిడ్డా.
గోడ ఎంత ఒరిగిందో చెప్తది, గంతే.
కూలేది గోడ."

చాలాసేపు దారం చుట్టుకుంటూ కూర్చున్నాడు.
తర్వాత, దారంతోనే చెబుతున్నట్టు:
"గా తొమ్మిదంతస్తుల పనిల నేనున్న.
కుంట తూము మూసిన రాయి నా చేతిదే.
ఇంజనీరు సున్నంతోని గీత గీసిండు, నేను పెట్టిన.
రోజుకు ఆరొందలు."

ఎవరం ఏమీ అనలేదు.
అమ్మ మాత్రం తడిసిన బియ్యం గోనె మీద ఎండబోస్తూనే ఉంది,
రాళ్లు ఏరుతూ, పురుగులు ఏరుతూ.

తీర్పు అనే మాట ఎక్కడ పుట్టిందో అమ్మకు తెలియదు.
అప్పు తీర్చడం తెలుసు.
అర్ధరాత్రి లేచి పిల్లల దాహం తీర్చడం తెలుసు.
క్రిస్మస్ ముందురోజు వాకిట్లో
చుక్క తప్పకుండా నక్షత్రం ముగ్గు తీర్చడం తెలుసు.
నేను ఇన్నేళ్లూ నిప్పులోనూ గంధకంలోనూ వెతికిన మాట
ఆమె చేతుల్లో తిరుగుతోంది.

ఆ ప్రవక్తలు గొంతు చించుకున్నది
పట్నాన్ని తగలబెట్టమని కాదేమో.
చెప్పుల జతకు పేదవాణ్ని అమ్ముకున్న లెక్క ఒకటి
తీరకుండా ఉండిపోయిందని,
అది తీరేదాకా దేవుడికి నిద్ర పట్టదని.
ఏమో. నాకు వేదాంతం రాదు.
కొన్న వాళ్ల పేర్లలోనే
అమ్ముడుపోయిన మా నాన్న పేరు కూడా ఉందని
మొన్నటిదాకా తెలియదు.

సోమవారం ప్రజావాణికి బయల్దేరాడు.
నన్ను రమ్మనలేదు, నేనే వెళ్లాను.
బస్సులో ఒకటే మాట నెమరేసుకున్నాడు:
"తూము ఎక్కడున్నదో నాకు ఎరికే సార్.
నేనే మూసిన సార్."
కలెక్టరాఫీసు గేటు దగ్గర
సెక్యూరిటీ కుర్రాడు సంచిలో చెయ్యి పెట్టి
దారం కొస పట్టుకుని పైకి లాగాడు.
"ఇదేంది పెద్దాయనా?"

నాన్న ఏమన్నాడో హారన్ల మోతలో వినపడలేదు.
ఇత్తడి గుండు
ఆ కుర్రాడి వేళ్ల కింద
కాసేపు ఆఫీసు వైపు, కాసేపు మా వైపు
ఇంకా ఊగుతోంది.